గాలి దిక్కు తిరిగిన వారం: హవాయి దీవుల్లో 2021 డిసెంబరు కోనా అల్పపీడనం, ఒక కేస్ స్టడీ

హవాయిలో శీతాకాలం వచ్చిందని థర్మామీటర్ చూసి చెప్పలేం. డిసెంబరులోనూ హొనొలూలూలో పగలు 27, 28 డిగ్రీలు ఉంటుంది, రాత్రి 20, 21కి దిగుతుంది. వారమంతా రాసిపెట్టినా ఆ అంకెల్లో పెద్ద తేడా కనిపించదు. తేడా కనిపించేది గాలి దిక్కులో. ఈశాన్యం నుంచి వీచే గాలి పడిపోయి, దక్షిణం నుంచో నైరుతి నుంచో అందుకుందంటే ఆ దీవుల్లో లెక్కలన్నీ తిరగబడతాయి. ఏడాదంతా ఎండగా ఉండే వైపు వరద వస్తుంది, ఎప్పుడూ ముసురుపట్టే వైపు తెరిపిస్తుంది. 2021 డిసెంబరు 2, గురువారం నుంచి 8, బుధవారం వరకు జరిగింది ఇదే. కొండ మీద మంచు తుపాను హెచ్చరికతో మొదలైన ఆ వారం మధ్యలో, హొనొలూలూ విమానాశ్రయంలో ఒక్కరోజే దాదాపు 200 మి.మీ. వాన పడింది. అక్కడ ఏడాది మొత్తానికి పడేది 430 మి.మీ. మాత్రమే.

ఈ దీవులు మనకు అంత పరాయి అక్షాంశంలో ఏమీ లేవు. ఇచ్ఛాపురం 19.1 డిగ్రీల ఉత్తరాన ఉంటే, హవాయి పెద్ద దీవిలోని హిలో 19.7లో ఉంది. హొనొలూలూ 21.3. అక్షాంశం దగ్గరగా ఉంది కదా అని బంగాళాఖాతం వాతావరణం చూసిన కళ్లతోనే హవాయి చార్టులు చదివితే మాత్రం తప్పు చదువుతాం. ఎక్కడ తప్పుతామో ముందుముందు వస్తుంది.

మామూలు రోజుల్లో ఏం జరుగుతుంది

దీవులకు ఈశాన్యంగా పసిఫిక్‌లో ఒక పెద్ద అధికపీడనం కూర్చుని ఉంటుంది. దాని అంచు నుంచి వ్యాపార పవనాలు వీస్తాయి. ఎండాకాలంలో ఇవి దాదాపు రోజూ ఉంటాయి, శీతాకాలంలో మాత్రం సుమారు సగం రోజులే. ఈ గాలి సముద్రం మీద తేమ మోసుకొచ్చి కొండకు తగులుతుంది. ఒవాహు దీవిలో ఆ కొండ కోఓలౌ వరస. 900 మీటర్లు దాటే శిఖరాలున్నా వెడల్పు తక్కువ, నిలువుగా కత్తితో కోసినట్టుంటుంది. గాలి ఎదురు వైపున్న కనియోహె, కైలువా ఊళ్ల మీద చిన్న చిన్న జల్లులు పడుతూనే ఉంటాయి. కొండ దాటిన గాలి కిందికి దిగుతూ ఆరిపోతుంది. అందుకే వైకికి, విమానాశ్రయం, ఎవా మైదానం, పడమర తీరం అన్నీ పొడిగా ఉంటాయి. మనోవా లోయ పైభాగంలోని లయన్ ఆర్బోరేటం దగ్గర ఏడాదికి దాదాపు 4000 మి.మీ. వాన. అక్కడికి వైకికి బీచి నుంచి ఏడెనిమిది కిలోమీటర్లే. "హొనొలూలూలో రేపు వాన 60 శాతం" అని ఫోన్ చూపించే అంకెకు ఇలాంటి చోట అర్థం లేకపోవడానికి కారణం అదే. ఎటు వైపు, ఏ ఎత్తున అన్నది చెప్పకపోతే ఆ 60 ఎవరికీ పనికిరాదు.

ఇంకో సంగతి మేఘాల ఎత్తు. సముద్రమట్టానికి సుమారు 2 కి.మీ. ఎత్తున ఉష్ణోగ్రతా విలోమం ఒక మూతలా ఉంటుంది. పైకి వెళ్తే చల్లబడాల్సిన గాలి అక్కడ కాస్త వేడెక్కుతుంది, దాంతో మేఘం దాన్ని దాటి ఎదగలేదు. మామూలు రోజుల్లో ఉరుములు లేకపోవడానికి, 4,205 మీటర్ల మౌనా కెయా శిఖరం మేఘాలకు పైన పొడిగా ఉండి అంత మంచి టెలిస్కోపులకు చోటివ్వడానికి ఈ మూతే కారణం. ఆ వారంలో ఈ మూత ఎగిరిపోయింది.

ఇళ్లు కూడా ఈ గాలి లెక్కతోనే కట్టుకున్నారు. ఈశాన్యపు గాలి ఇంట్లోకి వచ్చేలా పలకల కిటికీలు, దక్షిణం, పడమర వైపు తెరిచి ఉన్న వరండాలు. పడవలకు లంగరేసే చోట్లు గాలి మాటున ఉంటాయి. పొడి వైపున్న వాగులు ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండిపోయి, చెత్తా ముళ్లకంపా నిండి, వంతెనల కింద ఇరుకుగా ఉంటాయి. గాలి ఒక్కసారి తిరిగితే ఇవన్నీ ఒకేసారి తప్పు వైపు నిలబడతాయి. ఇలా దక్షిణం, నైరుతి నుంచి వచ్చే కోనా తుపాను నష్టం ఎక్కువగా ఇలాగే వస్తుంది. గాలి వేగం కంటే దాని దిక్కే ఎక్కువ దెబ్బ కొడుతుంది.

గురువారం, శుక్రవారం: పైన మొదలైంది

కోనా అంటే హవాయి భాషలో గాలి మాటు వైపు. ఆ వైపు నుంచి గాలి, వాన తెచ్చే వ్యవస్థ కాబట్టి కోనా అల్పపీడనం. 1952లో రాబర్ట్ సింప్సన్ దీన్ని శాస్త్రీయంగా వర్ణించి వేరుగా గుర్తించాడు. ఇది బంగాళాఖాతంలో మనం చూసే వాయుగుండానికి చుట్టం కాదు. అక్కడ వ్యవస్థ వెచ్చని సముద్రం నుంచి పైకి పెరుగుతుంది, నడిమి భాగం వెచ్చగా ఉంటుంది. కోనా అల్పపీడనం పైనుంచి కిందికి వస్తుంది. మధ్య అక్షాంశాల పడమటి గాలుల్లోని తక్కువ పీడనపు లోతైన ద్రోణి ఒకటి దక్షిణానికి జారి, తాడు తెగిన గాలిపటంలా ప్రధాన ప్రవాహం నుంచి విడిపోతుంది. దాని నడిమి భాగం చల్లన. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా ఇవి వస్తాయి, ఏడాదికి రెండు మూడు.

కాబట్టి ముందు చూడాల్సింది నేల మీది పీడనం కాదు, 500 హెక్టాపాస్కల్ పటం, అంటే గాలి పీడనం అంతకు తగ్గే ఎత్తులోని పటం, సుమారు 5.8 కి.మీ. ఎత్తు. దీవుల మీద శీతాకాలంలో అక్కడ మామూలుగా మైనస్ 7, 8 డిగ్రీలుంటుంది. మైనస్ 12కి దిగే చలి తునక ఒకటి వాయవ్యం నుంచి వస్తోందంటే మూత నిలవదని అర్థం. కింద సముద్రం 25 డిగ్రీల దగ్గర వెచ్చగా, పైన అంత చల్లగా ఉంటే, మేఘం 2 కి.మీ. దగ్గర ఆగకుండా 10 కి.మీ. పైకి పోతుంది. కంప్యూటర్ నమూనాలు చెప్పిన ఈ అంకెను సరిచూసుకునే చోట్లు రెండే: కవాయి దీవిలోని లిహూయె, పెద్ద దీవిలోని హిలో. రెండు చోట్లా రోజుకు రెండుసార్లు, స్థానిక సమయం మధ్యాహ్నం 2కి, తెల్లవారుజామున 2కి బెలూన్ పరిశీలన ఉంటుంది. చుట్టూ వేల కిలోమీటర్ల సముద్రం. అందుకే ఒక్క బెలూన్ రాకపోయినా ఇక్కడ లోటు తెలుస్తుంది.

తేదీల దగ్గర తెలుగువాళ్లు, అందులోనూ ఇండియా నుంచి చూసేవాళ్లు, తరచూ పొరబడతారు. హవాయి సమయం అంతర్జాతీయ సమయానికి 10 గంటలు వెనక, మనకు పదిహేనున్నర గంటలు వెనక. ఉపగ్రహ చిత్రం మీద "7వ తేదీ 00 గంటలు" అని ఉంటే హొనొలూలూలో అది 6వ తేదీ మధ్యాహ్నం 2. ఈ ఒక్క తప్పుతో వాన పట్టీ దీవిని దాటేసిందనుకుని చార్టు మూసేయొచ్చు. నిజానికి అప్పుడే అది నెత్తి మీద ఉంటుంది.

ఆ వారం జనం మొదట గమనించింది వాన కాదు, మంచు. పెద్ద దీవి శిఖరాలకు శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం ఉదయం దాకా మంచు తుపాను హెచ్చరిక జారీ అయింది. 12 అంగుళాలు, అంతకు మించి మంచు, గంటకు 100 మైళ్లు దాటే గాలి విసుర్లు రావచ్చని చెప్పింది. అప్పటికి డెన్వర్‌లో ఆ సీజన్ తొలి మంచు ఇంకా పడలేదు, డిసెంబరు 10న పడింది. అమెరికాలో ఈ వార్త వింతగా తిరిగింది కానీ వాతావరణ లెక్కలో వింతేమీ లేదు. మామూలుగా సున్నా డిగ్రీల ఎత్తు 4,500 మీటర్లకు పైన ఉంటుంది. చల్లని తునక కిందికి వచ్చినప్పుడు అది 3,500 మీటర్ల దగ్గరికి దిగుతుంది. మౌనా కెయా 4,205, మౌనా లోవా 4,169 మీటర్లు. తేమ చేరితే చాలు, మంచే. 2019 ఫిబ్రవరి 10న మౌయి దీవిలో 1,900 మీటర్ల ఎత్తునున్న పొలిపొలి పార్కులో కూడా మంచు కనిపించింది.

మౌనా కెయా ఎక్కాలని వెళ్లేవాళ్లకు ఆచరణలో దీని అర్థం ఒకటే. 2,800 మీటర్ల దగ్గరున్న సందర్శక కేంద్రంలోనే రేంజర్లు దారి మూసేస్తారు. అక్కడి నుంచి పైకి ఎక్కువ భాగం మట్టిరోడ్డు, నిట్టనిలువు. మంచు ఆగినా గట్టిపడిన మంచు తీసేదాకా తెరవరు. కొండ మీద మంచు హెచ్చరిక వచ్చిందంటే కింద ఉన్నవాళ్లు తీసుకోవాల్సిన కబురు మరొకటి: పైన చలి తునక నిజంగానే వచ్చేసింది, రెండు మూడు రోజుల్లో కింద కుండపోతకు కావాల్సిన సగం సరుకు సిద్ధమైంది. మిగతా సగం తేమ. దాన్ని దక్షిణపు గాలి తెస్తుంది.

వానకు ముందు రోజు నేల మీద కనిపించే గుర్తులు

ఇలాంటి వారంలో వానకు ముందు చాలాసార్లు ఒక ప్రశాంతమైన రోజు వస్తుంది. వ్యాపార పవనం ఆగిపోతుంది. కొబ్బరాకులు కదలవు. సముద్రం అద్దంలా ఉంటుంది. పగలు సముద్రపు గాలి, రాత్రి కొండ గాలి. సందర్శకులు ఇదే మంచి రోజనుకుని కొండ దారులకు బయలుదేరతారు. ఇదే చూస్తూ ఉండాల్సిన రోజు.

భారమితి ఉంటే దాన్ని నిన్న ఇదే గంటకు ఉన్న అంకెతో పోల్చాలి, రెండు గంటల కిందటి అంకెతో కాదు. ఉష్ణమండలంలో పీడనం రోజుకు రెండుసార్లు దానంతట అదే ఊగుతుంది. ఉదయం, రాత్రి 10 దగ్గర ఎక్కువ, తెల్లవారుజామున, సాయంత్రం 4 దగ్గర తక్కువ. ఈ ఊపు 2, 3 హెక్టాపాస్కల్స్ ఉంటుంది. ఉదయం 10కి 1016 ఉన్నది సాయంత్రం 4కి 1013కి దిగితే తుపాను వస్తోందని కంగారుపడాల్సిన పనిలేదు, అది రోజువారీ ఊపు. నిన్న 4 గంటలకు 1014 ఉండి ఇవాళ అదే సమయానికి 1010 ఉంటే అది ఆలోచించాల్సిన విషయం. కాకినాడలోనైనా మచిలీపట్నంలోనైనా ఇదే సూత్రం పనిచేస్తుంది.

ఇంకా నమ్మకమైన గుర్తు మంచుబిందు ఉష్ణోగ్రత, అంటే గాలిలోని తేమ నీటిబిందువులుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత. వ్యాపార పవనాల్లో అది 16 నుంచి 19 మధ్య ఉంటుంది. గాలి దక్షిణానికి తిరిగి 21, 22కి చేరితే ఉష్ణమండలపు లోతట్టు తేమ వచ్చేసినట్టు. ఒళ్లు జిడ్డుగా, ఉతికిన బట్టలు ఆరకుండా, అచ్చం మన ఆగస్టు ఉక్కలా ఉంటుంది. బెలూన్ లెక్కలో గాలి నిలువులోని మొత్తం తేమను నీరుగా చేస్తే మామూలు శీతాకాలంలో 28 మి.మీ. దగ్గర ఉంటుంది. అది 45 దాటితే భారీ వానకు చాలు. కిలౌయా అగ్నిపర్వతం పొగ విడుస్తున్న కాలమైతే ఆగ్నేయపు గాలి ఆ పొగమంచును సుమారు 340 కి.మీ. దూరంలోని హొనొలూలూ దాకా మోస్తుంది. దూరపు కొండలు బూడిదరంగులోకి మారతాయి, ఆస్తమా ఉన్నవాళ్లకు ముందే తెలిసిపోతుంది.

వైకికిలో ఉన్నవాళ్లకు ఇవేవీ అక్కర్లేకుండా ఒక సులువైన సూచిక ఉంది: విమానాలు. మామూలు రోజుల్లో అవి తూర్పు ముఖంగా లేచి, కుడికి సముద్రం మీదికి తిరుగుతూ బీచికి ఎదురుగా కనిపిస్తాయి. కోనా గాలి వచ్చిందంటే రన్‌వే దిశ మారి పడమరకు లేస్తాయి. అవి కనిపించడం మానేశాయంటే గాలి తిరిగినట్టే.

బంగాళాఖాతం అలవాటు దెబ్బతీసేది ఇక్కడే

వాయుగుండం అనగానే మనం కేంద్రం ఎక్కడుంది, ఎటు కదులుతోంది, తీరానికి ఎన్ని కిలోమీటర్లు అని అడుగుతాం. అక్కడ అది సరైన ప్రశ్న, వాన కేంద్రానికి దగ్గర్లోనే గట్టిగా ఉంటుంది కాబట్టి. కోనా అల్పపీడనంలో కేంద్రం దగ్గర ఒక్కోసారి ఆకాశం విచ్చుకుని ఉంటుంది. కుండపోత పడేది దానికి తూర్పున, వందల కిలోమీటర్ల దూరంలో, దక్షిణం నుంచి ఉత్తరానికి సాగిన ఒక పొడవాటి మేఘాల పట్టీలో. 2021 డిసెంబరు 5న అల్పపీడనం కవాయికి వాయవ్యంగా రూపుదిద్దుకుంది. మొదట తడిసింది మాత్రం దగ్గరున్న కవాయి కాదు, దూరంగా ఉన్న పెద్ద దీవి, మౌయి. కేంద్రాన్ని మాత్రమే చూసినవాళ్లకు ఇది అర్థం కాని విషయం. పట్టీని చూసినవాళ్లకు తేటగా కనిపించింది.

ఆ పట్టీలో రెండు వేగాలు ఉంటాయి, వాటిని వేరుగా కొలవాలి. ఒక్కో ఉరుము మేఘం పట్టీ వెంట ఉత్తరానికి గంటకు 40, 50 కి.మీ. పరుగెత్తుతుంది. రాడార్‌లో అది చూసి "అరగంటలో దాటిపోతుంది" అనిపిస్తుంది. దాటిపోయిన దాని వెనకే ఇంకొకటి, దాని వెనక మరొకటి అదే దారిలో వస్తాయి. వాన ఎంతసేపు పడుతుందో తేల్చేది పట్టీ పక్కకు జరిగే వేగం. పట్టీ వెడల్పు 60 కి.మీ. ఉండి పడమరకు గంటకు 5 కి.మీ. చొప్పున జరిగితే ఒకే ఊరు 12 గంటలు దాని కింద ఉంటుంది. కోనా అల్పపీడనాలు తరచూ నిలబడిపోతాయి, వెనక్కి పడమరకు కూడా నడుస్తాయి. ఈసారి అది పడమరకే నడిచింది. వాన ఆదివారం మౌయి మీద, సోమవారం ఒవాహు మీద, ఆపైన కవాయి మీద పడింది.

నమూనాల తడబాటు కూడా ఇక్కడే ఉంటుంది. అవి మూడు నాలుగు రోజుల ముందే అల్పపీడనాన్ని బాగా పట్టుకుంటాయి. కానీ దాని స్థానంలో 150 కి.మీ. తేడా వచ్చినా పట్టీ ఒవాహు మీద పడాల్సింది సముద్రం మీద పడుతుంది. ఒవాహు మొత్తం పొడవే సుమారు 71 కి.మీ., వెడల్పు 48. పైగా 9 నుంచి 13 కి.మీ. గడులున్న ప్రపంచ నమూనాల్లో కోఓలౌ లాంటి సన్నని కొండ చదునైపోతుంది. కాబట్టి రెండు రోజుల ముందు "ఏ లోయలో ఎంత" అని చెప్పే అంకెలు నమ్మకూడదు. "ఏ వైపు వాలు, ఏ సగం రోజు" వరకే నమ్మాలి. అంతకంటే సూక్ష్మంగా చెప్పే ఫోన్ యాప్ నమూనా గడిని ఉన్నదున్నట్టు అప్పగిస్తోందంతే.

ఆదివారం, సోమవారం

దక్షిణపు గాలి తగిలే వాలులే ఇప్పుడు ఎదురు వైపు అయ్యాయి. మౌయిలో హలెయకలా పడమటి వాలు మీద కూలా ప్రాంతం, దాని కింద తీరంలో కీహేయి మామూలుగా మేతభూములు, ఎండ, హోటళ్లు ఉండే చోట్లు. మౌయిలో కొన్నిచోట్ల ఒక అడుగుకు మించి, అంటే 300 మి.మీ. పైన వాన పడింది. పైన కూలాలో పడ్డ నీరు ఎండు వాగుల్లో మట్టినీ బండలనూ తోసుకుంటూ కిందికి వస్తుంది. కీహేయిలో చుక్క పడకపోయినా రోడ్డు మీదికి ఎర్రనీరు రావచ్చు. తీరంలో ఉన్నవాళ్లు నెత్తి మీది ఆకాశాన్ని కాదు, కొండను చూడాలి.

ఈ వాగులు ఎంత తొందరగా పొంగుతాయో ఒక లెక్క వేసి చూడొచ్చు. 10 చదరపు కిలోమీటర్ల చిన్న పరీవాహకం. గంటకు 50 మి.మీ. వాన. అంటే గంటలో 5 లక్షల ఘనపు మీటర్ల నీరు. అందులో సగం ఇంకినా, ఆగినా, వాగులోకి సెకనుకు దాదాపు 70 ఘనపు మీటర్లు చేరుతుంది. నేల నానిపోయాక సగం ఇంకడం కూడా ఉండదు, అప్పుడది 139కి దగ్గరవుతుంది. గోదావరికి వరద రోజుల ముందు తెలుస్తుంది. ఇక్కడ కొండ మీద వాన పడ్డ చోటి నుంచి సముద్రం దాకా వాగు పొడవే పది కిలోమీటర్లు ఉండదు. మోకాలి లోతు నీరు అరగంటలో తల దాటుతుంది. ఆ తుపానులో ఒవాహులో ఉప్పొంగిన వాగులోంచి ఐదుగురు పిల్లలను సిబ్బంది కాపాడాల్సి వచ్చింది, వాళ్ల వయసు తొమ్మిది, పదేళ్లు. వాగు దాటేటప్పుడు నీటి రంగు మారినా, ఆకులూ పుల్లలూ తేలడం మొదలైనా, పైన రాళ్లు దొర్లే చప్పుడు వినిపించినా వెంటనే దగ్గరున్న గట్టుకు వెళ్లిపోవాలి. అవతల ఉండిపోతే రాత్రంతా అక్కడే ఉండాల్సి రావచ్చు, ఉండాలి కూడా.

సోమవారం, 6వ తేదీన పట్టీ ఒవాహు మీదికి వచ్చింది. విమానాశ్రయంలో దాదాపు 8 అంగుళాల వాన, డిసెంబరులో ఒక్కరోజున అక్కడ ఎన్నడూ లేనంత. డౌన్‌టౌన్‌లో భూగర్భ విద్యుత్ పరికరాల్లోకి నీరు చేరి కొన్ని భవనాలకు రోజుల తరబడి కరెంటు పోయింది. ఆ రాత్రి గవర్నర్ డేవిడ్ ఇగే రాష్ట్రమంతటికీ అత్యవసర స్థితి ప్రకటించారు. భూగర్భ తీగలు గాలి నుంచి కాపాడతాయి, కానీ పొడి వైపు నగరంలో కాలువల కొలత పొడి వైపు వానకే సరిపోతుంది. వైకికి వెనక ఉన్న అలా వై కాలువది కూడా ఇదే చిక్కు. 1920లలో చిత్తడి నేలను ఆరబెట్టడానికి తవ్వారు. మనోవా, పాలోలో, మకికి వాగులు మూడూ దాంట్లోకే వస్తాయి, సముద్రంలోకి దారి మాత్రం ఒక్కటే. 2004 అక్టోబరు 30న మనోవా వాగు కట్టలు దాటి విశ్వవిద్యాలయపు హామిల్టన్ లైబ్రరీ కింది అంతస్తును ముంచేసింది. ఆ లోయ మీద ఎప్పుడు పట్టీ నిలిచినా చూడాల్సిన మొదటి చోటు అదే.

రాడార్ అంకెలను ఇలాంటి రోజున యథాతథంగా తీసుకోకూడదు. రాడార్ కొలిచేది వాన కాదు, చినుకుల నుంచి తిరిగొచ్చిన ప్రతిధ్వని. దాన్ని వానగా మార్చడానికి ఒక సూత్రం వాడతారు: గంట వానను ఒక ఘాతానికి హెచ్చించి, ఒక గుణకంతో గుణిస్తే ప్రతిధ్వని బలం వస్తుంది. ఖండాల లోపలి ఉరుముల వానకు వాడే సాధారణ సూత్రంలో గుణకం 300, ఘాతం 1.4. ఉష్ణమండల వానకు 250, 1.2. 45 డెసిబెల్ ప్రతిధ్వని తీసుకుంటే మొదటి సూత్రం గంటకు 28 మి.మీ. అంటుంది, రెండోది 56. సరిగ్గా రెట్టింపు. దక్షిణం నుంచి వచ్చిన తేమ గాలిలో చినుకులు చిన్నవి, లెక్కలేనన్ని. పెద్ద చినుకుల లెక్క వాడితే సగం వరద కనిపించకుండా పోతుంది. దానికి తోడు దక్షిణ కవాయి, మొలొకాయి, పెద్ద దీవిలో కొహాలా, దక్షిణ తీరం అని నాలుగు రాడార్లున్నా కొండలు కిరణాన్ని అడ్డగించే లోయలు చాలా ఉన్నాయి. అందుకే రాడార్ పక్కన వానకొలతల జాబితా, వాగు మట్టాల జాబితా రెండూ తెరిచి పెట్టుకోవాలి. మూడింటిలో ఎక్కువ చెప్పేదాన్ని నమ్మడం ఇలాంటి రాత్రి క్షేమం.

గాలి సంగతి క్లుప్తంగా. దక్షిణపు గాలి కొండ దాటి ఉత్తరపు వాలు దిగేటప్పుడు నొక్కుకుపోయి విసుర్లుగా మారుతుంది. చెట్లు ఈశాన్యపు గాలికి అలవాటుపడి పెరిగినవి, వేళ్లు ఆ లెక్కనే పాతుకున్నాయి. వెనక నుంచి కొట్టిన గాలికి అవి తొందరగా ఒరుగుతాయి. గాలి మాటున లంగరేసిన పడవలు అప్పుడు తెరిచిన ఒడ్డున ఉన్నట్టే. వాటిని మార్చాల్సింది ఒక రోజు ముందు, ఆ ప్రశాంతమైన రోజున. గాలి మొదలయ్యాక పడవ దగ్గరికి వెళ్లడమే ప్రమాదం. ఇంట్లో పలకల కిటికీలు మూసినా దక్షిణపు వాన పలకల సందుల్లోంచి లోపలికి వస్తుంది. గోడ వారనున్న ప్లగ్ పాయింట్ల దగ్గరి సామాను ముందే జరిపేసుకోవాలి.

మంగళవారం, బుధవారం, ఆ తర్వాత

మంగళవారం పట్టీ పడమరకు సాగి, కవాయి వైపు బలంగా ఉండి, తర్వాత పలచబడింది. పైనున్న చల్లని తునక సముద్రపు వేడిని తీసుకుని మెల్లగా కరిగిపోవడంతో ఇలాంటి వ్యవస్థ చచ్చిపోతుంది. తీరం దాటి నేల మీద బలహీనపడటం అనేది దీనికి లేదు. అందుకే ముగింపు ఒక గంటకు చెప్పలేం. రాడార్‌లో ఖాళీ కనిపించాక కూడా మధ్యాహ్నం ఎండ కాసి నేల వేడెక్కితే మిగిలిన తేమతో మరో ఉరుము వాన లేస్తుంది. వరద హెచ్చరిక ఎత్తేసిన రోజున జనం అలసిపోయి ఉంటారు, వాగులు ఇంకా నిండే ఉంటాయి. ఆ పూట జాగ్రత్త ఎక్కువ కావాలి.

సముద్రంలోకి దిగకూడని రోజులు వాన ఆగాకే మొదలవుతాయి. వాగులు తెచ్చిన మట్టి, సెప్టిక్ నీరు, పురుగుమందు, కళేబరాలు తీరంలో కలుస్తాయి. దీనికి అక్కడి ఆరోగ్య శాఖ గోధుమరంగు నీటి హెచ్చరిక ఇస్తుంది. ఒంటి మీద చిన్న గాయం ఉన్నా దిగకూడదు. వాగునీటితో లెప్టోస్పిరోసిస్ అనే జబ్బు వచ్చే ప్రమాదం ఉంది, మసక నీటిలో సొరచేపలు ఒడ్డుకు వస్తాయి. నీలం మళ్లీ పూర్తిగా తేరేదాకా ఆగడమే. సాధారణంగా రెండు మూడు రోజులు పడుతుంది, వాగు ముఖద్వారాల దగ్గర ఇంకా ఎక్కువ.

అలల లెక్క దీనితో కలపకూడదు. ఉత్తర తీరానికి వచ్చే పెద్ద అలలు ఈ అల్పపీడనం నుంచి కాదు, దూరంగా ఉత్తర పసిఫిక్ తుపానుల నుంచి వస్తాయి. కవాయికి వాయవ్యంగా సముద్రంలో తేలుతూ అలలను కొలిచే 51001 బోయా దీనికి ముందుచూపు. అల వ్యవధిని సెకన్లలో తీసుకుని ఒకటిన్నరతో గుణిస్తే అలల గుంపు వేగం నాట్లలో వస్తుంది. 16 సెకన్ల అల గంటకు 24 నాటికల్ మైళ్లు. 255 నాటికల్ మైళ్లు రావడానికి దానికి పదిన్నర గంటలు. 20 సెకన్ల అలైతే ఎనిమిదిన్నరే. హెచ్చరికలోని అడుగులు అల ముఖం ఎత్తు, ఉత్తర తీరానికి 15 అడుగులకు సూచన, 25కు హెచ్చరిక. స్థానికులు మాట్లాడే అడుగులు దాదాపు అందులో సగం. "పది అడుగులే" అని ఒడ్డున ఎవరైనా అంటే ఎదురుగా వచ్చేది ఇరవై అడుగుల గోడ.

ఇక కొలతలు సరిచూడటం. వాన మొత్తాన్ని రాసేటప్పుడు ఏ గంట నుంచి ఏ గంట దాకా అన్నది రాయకపోతే ఆ అంకె వృథా. విమానాశ్రయం అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకా లెక్కిస్తుంది. ఇళ్లలో కొలిచే స్వచ్ఛంద పరిశీలకులు ఉదయం 7కి చూస్తారు. సోమవారం పగలు పడ్డ వాన వాళ్ల పుస్తకంలో మంగళవారం తేదీ కింద ఉంటుంది. రెంటినీ పక్కపక్కన పెట్టి ఏదో ఒకటి తప్పు అనుకునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. వాళ్లు వాడే నాలుగు అంగుళాల వ్యాసపు గొట్టంలో లోపలి గొట్టం ఒక అంగుళం పడుతుంది, మొత్తం 11 అంగుళాలు. మౌయిలో అడుగు దాటిన చోట మధ్యలో ఖాళీ చేయకపోతే గొట్టం పొర్లిపోయి 11 దగ్గరే ఆగుతుంది. రాత్రి పడుకునే ముందు ఒకసారి కొలిచి, రాసి, పారబోసి పడుకోవాలి. ఊగే చిన్న తొట్టెతో లెక్కించే ఆటోమేటిక్ కొలతలు మరీ గట్టి వానలో వెనకబడతాయి. తొట్టె ఒరిగే క్షణంలో పడ్డ నీరు లెక్కలోకి రాదు, గాలి విసురుకు కొంత పక్కకు పోతుంది, గరాటులో ఒక ఆకు అడ్డుపడినా వాన ఆగాక కూడా గంటల తరబడి "వాన" పడుతూనే ఉంటుంది. పట్టీలో చుట్టుపక్కల కొలతలన్నీ పెరుగుతూ ఉండగా ఒకటి మాత్రం నిలకడగా గంటకు ఒకే అంకె చూపిస్తోందంటే ముందు గరాటును అనుమానించాలి.

నష్టం లెక్క వేసేటప్పుడు ఇదీ కలపాలి: గాలి మాటు వాలుల్లో మేతకు, భూగర్భ జలానికి ఏడాది వానలో పెద్ద వాటా ఇలాంటి కోనా తుపానులే తెస్తాయి. వ్యాపార పవనం ఆ వైపుకు ఏమీ ఇవ్వదు. శీతాకాలమంతా గాలి తిరగకపోతే మరుసటి ఎండాకాలానికి కూలా పైన గడ్డి ఉండదు, ఎండిన గడ్డిలో నిప్పు పుడుతుంది. అందుకే అక్కడి పశువుల కాపరులు దక్షిణపు గాలి కోసమే ఎదురుచూస్తారు, అది వచ్చే రాత్రి పశువులను వాగుల నుంచి పై గట్టుకు తోలుకుంటారు.